రాజమండ్రి నుంచి కడపకి గంటా మూడు నిమిషాలు

రెండు ఊళ్ళ మధ్య విమానంలో ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ చప్పున జవాబు చెప్పను. ముందు ఎవరు వెళ్తున్నారని అడుగుతాను. ఈ మధ్య మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళు ఇది విని నవ్వారు. దూరానికీ మనిషికీ సంబంధం ఏమిటని వాళ్ళ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. ఇంజనీరింగ్ ముగించి మొదటి ఉద్యోగంలో చేరిన రోజున నన్నడిగినా అదే అనేవాణ్ణి. టీ తాగుతూ వాళ్ళకి సగం చెప్పి వదిలేసిన సంగతి ఇక్కడ మొత్తం రాస్తున్నాను. మొత్తం రాశాడు కాబట్టి ఇతనికి మొత్తం అర్థమైందని మాత్రం అనుకోవద్దు.

ఆ మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లో. మెట్రో మెట్లు దిగి చెప్పుల దుకాణాల వరస దాటితే ఒక సందు, ఆ సందులో పాత భవనం. కింద స్టీలు సామాన్ల కొట్టు. దాని పైన బ్యాంకు పరీక్షల కోచింగ్ సెంటరు. ఆ పైన మేము. పొద్దున పూట కింది క్లాసులో లెక్కల సారు మైకు పట్టుకుని, ఒక రైలు ఇటు నుంచి బయల్దేరింది, ఇంకో రైలు అటు నుంచి బయల్దేరింది, ఎక్కడ కలుస్తాయో చెప్పండని అడుగుతుంటే మా గదిలోకి స్పష్టంగా వినిపించేది. మేం పైన కూర్చుని విమానాల లెక్కలు చేసేవాళ్ళం. మావి ఎక్కడా కలిసేవి కావు.

మా సంస్థ నడిపింది ఒక ప్రయాణాల వెబ్‌సైటు. ఏ రెండు విమానాశ్రయాల పేర్లు కొట్టినా వాటి మధ్య దూరమెంతో, విమాన సమయమెంతో చెప్పే పేజీ వస్తుంది. పేజీ పక్కన ప్రకటనలుంటాయి. పెద్ద నగరాల పేజీలు అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి మేం చిన్న ఊళ్ళ విమానాశ్రయాల మీద పడ్డాం. రాజమండ్రి, కడప, హుబ్బళ్ళి, సేలం, కొల్హాపూర్. వీటిలో ఏ రెండింటిని కలిపినా ఒక పేజీ. ఆ రెండింటి మధ్య విమానం తిరుగుతుందా లేదా అనేది మా లెక్కలో లేదు. భూగోళం మీద రెండు బిందువుల మధ్య దూరం తీయడానికి సూత్రం ఉంది. ఆ దూరాన్ని జెట్ విమానం వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అని అరగంట కలిపితే సమయం వచ్చేస్తుంది. రాజమండ్రి నుంచి కడపకి 436 కిలోమీటర్లు, గంటా మూడు నిమిషాలు. సూత్రంలో తప్పు లేదు. ఇప్పుడు మళ్ళీ చేసి చూశాను, అంతే వచ్చింది.

మేం ముగ్గురం. మా మేనేజరు భీమవరం వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. నా పక్క బల్ల మీద నా సీనియర్. పోచంపల్లి నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు. పెళ్ళయ్యాక ఎల్‌బీ నగర్‌లో ఉంటోంది, అత్తగారింటి వాళ్ళది చీరల వ్యాపారం. నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ణి. నేను రాసిన ప్రతి పేజీనీ సరిచూసి పైకి పంపేది ఆమే.

చేరిన కొత్తలో ఆమెకి నేనొక సందేహం చెప్పాను. విమాన సమయం అంటే కనీసం మూడు అర్థాలున్నాయి.

ఒకటి, విమానం గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అవతలి గేటు దగ్గర ఆగేదాకా. టికెట్టు మీద ఉండేది ఇది.

రెండు, చక్రాలు నేలను వదిలినప్పటి నుంచి మళ్ళీ నేలను తాకేదాకా.

మూడు, మా లెక్క. ఇది పై రెండింటిలో దేనికీ సరిపోదు.

"మూడిట్ల ఏది నిజం?" అంది ఆమె.

"మూడూ నిజమే అక్కా."

"ఒక్కదానికి మూడు నిజాలేంది తమ్మీ? ఒక చీరకు మూడు పొడుగులు ఉంటయా?" అని, తనే మళ్ళీ అంది. "ఉంటయనుకో. తడవకముందు ఒకటి, తడిసినంక ఒకటి. గని కొనేటోళ్ళకు ఆ ముచ్చట ముందుగాల్నే చెప్తం."

మేనేజరుకి ఈ చర్చ నచ్చలేదు. "పేజీకి ఒక్క అంకె ఉండాలండీ. మూడు పెడితే జనం కంగారు పడతారు" అన్నాడు. ఒక్క అంకె పెట్టాం. కంగారు మా దగ్గర ఉండిపోయింది.

ఒక సోమవారం పొద్దున నేను అందరికంటే ముందొచ్చి తాళం తీశాను. కంప్యూటరు ఇంకా పూర్తిగా లేవలేదు, మెట్ల మీద ఎవరో ఆయాసపడుతూ ఎక్కుతున్న చప్పుడు. యాభై దాటిన ఒకావిడ, చేతిలో నిండుగా ఉన్న గుడ్డ సంచి. లోపలికొచ్చి నా మొహం చూడకుండా గోడ గడియారం చూసింది.

"తొమ్మిదిన్నర దాటలేదుగా బాబూ?"

"ఇంకా లేదాంటీ."

"అమ్మయ్య" అని, గది అంతా ఓసారి చూసి, సంచిని తీసుకెళ్ళి నా బల్ల కింద పెట్టింది. పెట్టి రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. నేను లేచి నిలబడ్డాను.

"కొరియర్ వాళ్ళు పక్క సందులో ఆంటీ."

"కొరియరేంటి బాబూ, ఇది ప్రస్థానం."

"అంటే?"

"అంటే, ప్రయాణం మొదలెట్టేశానన్నమాట. మంచి ఘడియల్లో మనిషి బయల్దేరే వీల్లేనప్పుడు, కట్టుకునే బట్ట ఇంకొక చోట ముందే పెట్టేస్తారు. అది బయల్దేరితే మనం బయల్దేరినట్టే."

"ఎక్కడికండీ ప్రయాణం?"

"రాజమండ్రెళ్ళి మా అక్కని తీసుకుని కడపకి."

"ఎప్పుడు?"

"అది నువ్వు చెప్పాలి" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. "టికెట్లిచ్చే చోట పెడితే మంచిదేనన్నారు పంతులుగారు. మాది మన్సూరాబాదు, దగ్గరే కదాని వచ్చేశాను."

ఫోను తీసి చూపించింది. మా పేజీయే. దాని అడుగున మా ఆఫీసు చిరునామా ఉంది. ఎందుకు పెట్టామో నాకు తెలీదు. బహుశా పెట్టాలి కాబట్టి పెట్టి ఉంటాం.

మేం టికెట్లు అమ్మమని చెప్పాను. సరే, అమ్మేవాళ్ళ దగ్గరే కొంటాను, ఏ రోజుల్లో ఉంది విమానం అని అడిగింది. నేరుగా లేదని చెప్పాను. ఆవిడకి నా మాట వినబడిందో లేదో తెలియలేదు. ఫోను మళ్ళీ నా ముందు పెట్టింది.

"గంటా మూడు నిమిషాలని రాశారుగా?"

"విమానం ఉంటే అంత పడుతుందండీ."

"లేకపోతే?"

"లేకపోయినా దూరం అంతేనండీ."

చెబుతున్నప్పుడు ఈ జవాబు నాకు సరిగ్గానే ఉన్నట్టనిపించింది. ఆవిడ నావైపు చాలాసేపు చూసింది. కోపంగా కాదు. పరీక్షలో సిలబస్‌లో లేని ప్రశ్న చూసినట్టు చూసింది.

ఈలోపు మా సీనియర్ వచ్చింది. నీళ్ళిచ్చి, పక్కన కూర్చుని, నెమ్మదిగా సంగతంతా రాబట్టింది. ఆవిడ అక్క రాజమండ్రిలో ఉంటుంది. నడుములో డిస్కు పక్కకి జరిగింది. గంటకి మించి కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేదు, డాక్టరూ అదే చెప్పాడు. ఆ పెద్దావిడకి ఒక్కతే కూతురు. అల్లుడి ఉద్యోగం కడపలో. తొలి కాన్పు. పుట్టింటికి తీసుకొద్దామంటే పిల్లకి రక్తపోటు ఎక్కువై డాక్టర్లు మంచం దిగొద్దన్నారు. ఈ శుక్రవారమే ఆపరేషను చేసి బిడ్డని తీస్తారు. పిల్ల ఇటు రాలేదు, తల్లి అటు వెళ్ళలేదు.

"మా అక్క రానని చెప్పేసిందమ్మా. పిల్ల రోజూ ఫోన్లో ఏడుపు. నేనే ఇది వెతికి పట్టుకుని చూపించా. గంటేగా, పళ్ళబిగువున ఓర్చుకుంటానంది. ఎన్నాళ్ళకో మంచం దిగి బట్టలు సర్దుకుంటోంది. ఇప్పుడు విమానం లేదని నేనెట్టా చెప్పేది?"

"రైల్ల పండుకోని పోవచ్చు గదా పెద్దమ్మా?" అంది సీనియర్.

"పోయినేడు అలాగే ఒక పెళ్ళికెళ్ళింది. ఆ కుదుపులకి నెలరోజులు లేవలేదు. రైలంటే దణ్ణం పెడుతుంది."

నేను అంబులెన్సు అన్నాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు.

"కూతురి పురిటికి అంబులెన్సులో వెళ్తుందా బాబూ ఎవరైనా?"

ఆవిడ ఏడవలేదు. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. నేను సంచి తీసి చేతికివ్వబోయాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ప్రస్థానం పెట్టింది వెనక్కి తీసుకెళ్తారా? ఉండనీ. ఐదు రోజుల్లోపల మనిషి బయల్దేరాలి. లేకపోతే మళ్ళీ ఘడియలు చూడాలి, మళ్ళీ ఘడియలంటే శుక్రవారం దాటిపోతుంది."

సంచి ఉండిపోయింది.

మేనేజరు రాగానే దాన్ని చూశాడు. అదేమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. "ప్రస్థానమా? మనాఫీసులోనా?" అని వంగి చూసి, చెప్పులు కాస్త దూరంగా విడిచొచ్చాడు. తర్వాత కథ విని మొహం మార్చుకున్నాడు.

"మనం రాసింది తప్పా? కాదు. విమానం ఉందని ఎక్కడన్నా రాశామా? లేదు. మరి మనకేం సంబంధమండీ?"

"లేదని కూడా రాయలేదు కదా సార్" అన్నాను.

"లేనివన్నీ రాసుకుంటూ పోతే పేజీ చాలదు."

"అయితే ఆ సంచి తీపిచ్చి కింద కొట్లో పెట్టిద్దామా సార్?" అంది సీనియర్ అమాయకంగా.

"సంచి జోలికెళ్ళకండి" అన్నాడాయన.

ఊడ్చే ఆవిడ కూడా దాని చుట్టూ ఊడ్చి వెళ్ళింది. నేను కాళ్ళు ఒక పక్కకి మడిచి పని చేసుకున్నాను. మా సీనియర్‌కి మాత్రం ఆ రోజంతా అదే ముచ్చట. "తూర్పుకు పొయ్యేటామె పడమర దిక్కు పెట్టింది సంచి. మా అవ్వ గూడ పెట్టేది పక్కింట్ల. గని పొయ్యే దిక్కుకే పెట్టేది. నీ పేజీ సూసి ఆమెకు దిక్కులు గూడ మర్లినయ్ తమ్మీ."

నాకు నవ్వు రాలేదు. నాకు అలవాటైన పనే చేశాను. ఉన్న దారులన్నీ రాసుకుని ఒక్కోటీ కొట్టేస్తూ వచ్చాను. బస్సు, కారు, రైలు కొట్టేశాను. చివరికి మిగిలింది ఒక్కటే. రాజమండ్రి నుంచి హైదరాబాదుకి ఒక విమానం, సుమారు గంట. హైదరాబాదు నుంచి కడపకి ఇంకోటి, అదీ సుమారు గంటే, వారంలో కొన్ని రోజులే ఉంది. ఈ రెండింటి మధ్యా ఒక రోజంతా పడుకునే వీలుంటే, ఆవిడ ఎప్పుడూ గంటకి మించి కూర్చోనట్టే. ఆ రోజుల్లో ఒకటి గురువారం పడింది. బుధవారం ఇక్కడ దిగి పడుకుని, గురువారం కడప చేరవచ్చు. మన్సూరాబాద్ ఆంటీకి ఫోన్ చేసి గొప్పగా చెప్పాను. ఆవిడ అరగంటలో ఆఫీసులో ఉంది.

"పడుకోవడం ఎక్కడ?" అంది.

"మీ ఇంట్లోనే ఆంటీ. మన్సూరాబాదు కదా."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. మేనేజరు తన బల్ల దగ్గర్నుంచి, "కుదరదు కదండీ" అన్నాడు.

"ఎందుకు కుదరదు సార్?"

"బయల్దేరిన మనిషి మధ్యలో సొంతింట్లో అడుగెట్టకూడదయ్యా. ప్రయాణం చెడిపోతుంది."

"మరి ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నారు కదా?"

"ఇప్పుడు సంచే వెళ్ళింది. నేనింకా బయల్దేరలేదుగా" అంది ఆంటీ.

"ప్రయాణం మొదలైపోయిందన్నారు పొద్దున."

"మొదలైంది."

"మీరు బయల్దేరలేదు."

"బయల్దేరలేదు."

నేను మేనేజరు వైపు చూశాను. ఆయన ఇందులో తేడా ఏముందన్నట్టు తలూపాడు. చక్రాలు నేల వదలడం వేరు, గేటు దగ్గర కదలడం వేరు అని నేను చెప్పినప్పుడు ఇదే మనిషి జనం కంగారు పడతారన్నాడు.

"పోనీ పెద్దావిడ మీ ఇంట్లో పడుకుంటారు, మీరు ఇంకెక్కడైనా..."

"చెల్లెలు గుమ్మం తొక్కని ఇంట్లో అక్క పడుకుంటుందా బాబూ? ఊరుకో."

హోటలు మాట తెస్తే వంట మాట వచ్చింది. పెద్దావిడ బయటి తిండి ముట్టదు. మళ్ళీ మొదటికొచ్చాం. అప్పుడు మా సీనియర్ కంప్యూటరు మీద నుంచి తల తిప్పకుండానే అంది.

"మా ఇంటికి తోల్కరాండ్రి. ఎల్‌బీ నగరే. చీరల మూటలున్న అర్ర ఉంటది, అవి జరిపితే ఇద్దరు పండుకోవచ్చు. కూర మా అత్తమ్మ ఒండుతది, నచ్చకుంటే మీరే ఒండుకోన్రి."

ఆంటీ కాసేపు ఆమెనే చూసింది. "మీరేమిట్లమ్మా?" అని కులం అడుగుతుందేమోనని నాకు భయం వేసింది. అడగలేదు. "మీ అత్తగారు ఏమనుకోరు కదా?" అని మాత్రం అడిగింది.

"ఏమన్నా అనుకుంటే మొఖం మీదనే అంటది పెద్దమ్మా. పరేషాన్ కాకున్రి."

మంగళవారం ఆంటీ వచ్చి బల్ల కింది నుంచి సంచి తీసుకుని, ఎల్‌బీ నగర్‌లో రాజమండ్రి బస్సెక్కింది. ఇప్పుడు మాత్రం నిజంగా బయల్దేరిందని నేను అనుకున్నాను. మేనేజరుని అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం కారు తీసుకుని శంషాబాద్ వెళ్ళాను. లెక్క నాది కాబట్టి వెళ్ళమని సీనియర్ పంపింది. చక్రాల కుర్చీలో పెద్దావిడ బయటికొచ్చింది. సన్నటి మనిషి, పెదవి లోపలికి కొరుక్కుని ఉంది. చెల్లెలు నన్ను చూపించి, "ఈ అబ్బాయే" అంది. పెద్దావిడ నాతో అన్న మొదటి మాట ఇది.

"గంట ఎప్పుడో అయిపోయింది నాయనా."

అప్పటికి గాని నాకు తట్టలేదు. ఇంటి దగ్గర్నుంచి మధురపూడి విమానాశ్రయానికి కారులో కూర్చుంది. లోపల పిలిచేదాకా కూర్చుంది. విమానంలో కూర్చుంది, దిగాక ఈ కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఎల్‌బీ నగర్ దాకా ఇంకో ప్రయాణం ఉంది. నేను కూడినవి విమానాలు మాత్రమే. మనిషి విమానంలోనే పుట్టి విమానంలోనే ఉండిపోతుందన్నట్టు లెక్కేశాను.

వెనక సీట్లో చెల్లెలి ఒళ్ళో తల పెట్టి పడుకోబెట్టాం. నేను ముందు కూర్చున్నాను. దారిలో గతుకు వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఊపిరి బిగపట్టిన చప్పుడు. డ్రైవరు, "ఇంక ఎంత దూరం సార్ లొకేషన్?" అని అడిగాడు. ఫోనులో కిలోమీటర్లు కనిపిస్తూనే ఉన్నాయి. పైకి చదవాలనిపించలేదు.

మా సీనియర్ ఇంట్లో చీరల మూటలు ఒక గోడకి చేర్చి, నేల మీద బొంత పరిచి ఉంచారు. పెద్దావిడ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకుంది. సీనియర్ వాళ్ళ అత్తమ్మ వేడినీళ్ళ సంచి తెచ్చి నడుం కింద పెట్టి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. ఆంటీ మాత్రం నిలవలేక డాబా మీదికి పోయింది. నేనూ వెళ్ళాను. అక్కణ్ణుంచి వాళ్ళ కాలనీ నీళ్ళ ట్యాంకు కనిపిస్తోంది.

"ఆ ట్యాంకు పక్క వీధే మాది" అంది. "స్టవ్వు మీద పాలు పెట్టి మర్చిపోతాడు మా ఆయన." అంటూనే ఫోన్ చేసింది. ఆయన సాయంత్రం క్యారియరు పట్టుకుని వచ్చి, ఇంటావిడ ప్రయాణంలో ఉందన్న గౌరవంతో కాబోలు, గేటు బయటే నిలబడి యోగక్షేమాలు అడిగి వెళ్ళిపోయాడు. నడిచొచ్చేంత దూరంలో కాపురం ఉన్న మొగుడూ పెళ్ళాలు స్టేషనులో వీడ్కోలు చెప్పుకున్నట్టు చెప్పుకున్నారు.

చీకటి పడుతుండగా పెద్దావిడ కళ్ళు తెరిచి, "ఇంక నావల్ల కాదే. వెనక్కెళ్ళిపోతాను" అంది.

ఆంటీ తలుపు పట్టుకుని నిలబడింది. ఈలోగా కడప నుంచి ఫోను. పిల్ల గొంతు మా అందరికీ వినబడింది. "అమ్మా, హైదరాబాదొచ్చేశావంట కదా? ఇంకో గంటేనంట కదా?" తల్లి ఫోను చెవికి ఆనించుకుని, "ఊఁ" అంది. ఫోను పెట్టేశాక కళ్ళ చివర నుంచి నీళ్ళు చెవుల్లోకి పోయాయి.

"ఎన్కకు పోవాల్నన్న గంట కూసోవాల్సిందే గదమ్మా" అంది సీనియర్ వాళ్ళ అత్తమ్మ, వేడినీళ్ళ సంచి సర్దుతూ. "గాడ గూడ ఇమానమే, ఈడ గూడ ఇమానమే. గా నొప్పేదో ముంగటికి పొయ్యి పడు."

పెద్దావిడ ఆమె వైపు చూసింది. తర్వాత నన్ను దగ్గరికి రమ్మంది. నేను బొంత పక్కన నేల మీద కూర్చున్నాను.

"నువ్వు చదువుకున్నవాడివి. నిజం చెప్పు. రేపు నేను ఎంతసేపు కూర్చోవాలి? విమానం సంగతి కాదు. నా సంగతి."

నేను ఆలోచించాను. కారులో పడుకోవచ్చు. కుర్చీ వద్దని విమానాశ్రయంలో నిలబడొచ్చు. విమానం పైకెళ్ళి బెల్టు దీపం ఆరాక, సిబ్బంది ఒప్పుకుంటే కాసేపు లేచి నిలబడొచ్చు. గాలి బాగోకపోతే ఆ దీపం ఆరకపోవచ్చు. విమానం ఆలస్యం కావచ్చు. ఇవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. చివర కూడవలసిన చోటికి వచ్చేసరికి ఆగిపోయాను.

"మొత్తం ఎంతో నాకు తెలీదండీ. గంట కంటే ఎక్కువే."

ఆ ఉద్యోగంలో అంకె లేకుండా నేనిచ్చిన మొదటి జవాబు అదేననుకుంటాను.

పెద్దావిడ కప్పు వైపు చూస్తూ, "గంట కంటే ఎక్కువని ఆ రోజే రాసుంటే అసలు మంచం దిగేదాన్ని కాదు" అంది. తిడుతోందో, ఇంకేమన్నా అంటోందో నాకు తెలియలేదు. "సర్లే. దిగాంగా. రేపు కారుని కాస్త పెందలాడే రమ్మను."

గురువారం వాళ్ళు వెళ్ళారు. నేను ఆఫీసుకొచ్చి కూర్చున్నాను. బల్ల కింద కాళ్ళు చాపుకునే చోటుంది, అయినా పక్కకే మడిచి పెట్టుకున్నానని సీనియర్ చెప్పింది.

ఆ రోజు పేజీ సంగతి మళ్ళీ వచ్చింది. సీనియర్ నేరుగా మేనేజరు బల్ల దగ్గరికెళ్ళి, నేరుగా విమానం లేని ప్రతి పేజీలోనూ ఆ మాట రాయాలని చెప్పింది. ఆయన ఈసారి వాదించలేదు. సరేనన్నాడు. వాదన నాలోనే మొదలైంది. ఆ వాక్యం మొదటి నుంచీ ఉండి ఉంటే మన్సూరాబాద్ ఆంటీ సంచి తెచ్చేది కాదు. పెద్దావిడ ఇంత బాధా పడేది కాదు. అలాగే, మంచమూ దిగేది కాదు. కడపలో ఆ పిల్ల ఒక్కతే ఆపరేషను గదిలోకి వెళ్ళేది. తప్పు దారి చూపించే పేజీ మనిషిని చేరవలసిన చోటికి కదిలించింది. సరైన పేజీ అయితే ఇంట్లో కూర్చోబెట్టేది, అదీ కాదు, పడుకోబెట్టేది. ఈ మాట సీనియర్‌తో అన్నాను.

"అయితే రాయొద్దంటవా?"

"రాయాలి."

"మల్ల?"

"ఏమో అక్కా."

"ఏమో ఏంది? చీర రంగు పోతదని తెలిసీ చెప్పకుంట అమ్మితే, గా చీర కట్టుకున్న పిల్లకు మంచి సంబంధం కుదిరిందే అనుకో. నేను చేసింది మంచిదైతదా? నువ్వు లైన్ రాయి. ఆమె నసీబు ఆమెది."

రాశాను. ఇప్పుడు ఉద్యోగాల్లో చేరుతున్న మీరు కూడా అలాంటి వాక్యం రాయాల్సొస్తే రాయండి. నేను చెప్పగలిగింది ఇంతే. ఆ వాక్యం వల్ల ఎవరు ఇంట్లో ఆగిపోయారో, ఆగినందుకు మంచే జరిగిందో చెడే జరిగిందో మీకు ఏ పేజీలోనూ కనబడదు. నాకూ కనబడలేదు. తర్వాత ఆ సంస్థ మూతపడింది. మేనేజరు వేరే వ్యాపారంలోకి వెళ్ళాడు. సీనియర్ చీరల దుకాణం చూసుకుంటోంది, లెక్క అడిగితే ఇప్పటికీ తడవకముందా, తడిసినంకనా అంటుంది.

శుక్రవారం సంగతి చెప్పి ముగిస్తాను. పొద్దున కింది క్లాసులో రైళ్ళు యథాప్రకారం ఎదురెదురుగా బయల్దేరాయి. మేం ముగ్గురం ఎవరి బల్ల దగ్గర వాళ్ళం పనిచేస్తున్నట్టు కూర్చున్నాం. మన్సూరాబాద్ ఆంటీ ఫోన్ చేసింది. స్పీకరు పెట్టాను.

"ఆడపిల్ల బాబూ. తల్లీ బిడ్డా బావున్నారు."

మేనేజరు లేచి మిఠాయికి కింద కొట్టు కుర్రాణ్ణి పంపుతానని బయటికెళ్ళాడు. కళ్ళు తుడుచుకోవడానికని సీనియర్ ఉద్దేశం. నేను పెద్దావిడ ఎలా ఉందని అడిగాను.

"థియేటరు తలుపు దగ్గర నిలబడింది. నర్సు కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఇప్పుడు పిల్ల మంచం పక్కన నిలబడుంది."

అక్కడితో ఊరుకోవలసింది. కానీ పేజీ నా ముందు తెరిచే ఉంది, గంటా మూడు నిమిషాల పక్కన నిజమైన అంకె ఒకటి ఉంటే బావుంటుందనిపించింది.

"ఆంటీ, ఒక్క మాట. రాజమండ్రి నుంచి అక్కడికి మొత్తం ఎంతసేపు పట్టినట్టు లెక్క?"

అవతల చంటిపిల్ల ఏడుపు, ఎవరో ఊరుకోబెట్టడం.

"నన్నడిగితే ఏం చెప్పను బాబూ? పెట్టిన సంచి నించి లెక్కెట్టనా, బస్సెక్కిన కాణ్ణించా? ప్రయాణం మా అక్కది. ఆవిడింకా కూర్చోలేదు. కూర్చున్నాక అడిగి చెప్తా."